కూర్చున్నందుకే విగ్రహం

ప్రశ్న: మన కూడళ్లలో నాయకుల విగ్రహాలు ఎక్కువగా నిలబడి ఉంటాయి. అమెరికా పార్లమెంటు భవనంలో నల్లజాతి ఉద్యమకారిణి రోసా పార్క్స్ విగ్రహాన్ని కూర్చున్నట్టు ఎందుకు మలిచారు? అలసటవల్లే ఆమె బస్సులో లేవలేదంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కూర్చోవడమే ఆవిడ చేసిన పోరాటం కనుక. 1955 డిసెంబరు 1న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ నగరంలో, తెల్లజాతి ప్రయాణికుడి కోసం సీటు ఖాళీ చేయమని బస్సు డ్రైవరు ఆదేశించినా లేవనందుకు ఆమెను అరెస్టు చేశారు. ఆ తర్వాత నగరంలోని నల్లజాతివారు 381 రోజులు సిటీ బస్సులు ఎక్కకుండా, కాలినడకనో కార్లు పంచుకునో పనులకు వెళ్లారు.

అలసట మాట నిజం కాదు. తాను శారీరకంగా అలసిపోలేదని, లొంగిపోయి లొంగిపోయి విసిగిపోయానని ఆవిడే తన ఆత్మకథలో రాసుకున్నారు. అప్పటికే పౌరహక్కుల సంఘం స్థానిక శాఖకు ఏళ్ల తరబడి కార్యదర్శిగా పనిచేసిన మనిషిని అలసిన కుట్టుపని మహిళగా మాత్రమే చెప్పుకోవడం ఆమె దీక్షను చిన్నబుచ్చడమేనని నా అభిప్రాయం.

2013 ఫిబ్రవరి 27న ఒబామా సమక్షంలో ఆవిష్కరించిన ఆ కంచు విగ్రహాన్ని శిల్పి యూజిన్ డాబ్ రూపొందించారు. టోపీ, కళ్లద్దాలు, కోటు, చేతుల్లో పట్టుకున్న హ్యాండ్‌బ్యాగు అన్నీ ఉన్నాయి. బస్సు సీటు మాత్రం లేదు. దాని స్థానంలో ఉన్న బండలాంటి ఆసనంలో ఆమె రూపం దాదాపు కలిసిపోయి, కదిలించలేని మనిషిలా కనిపిస్తుంది. ఆ భవనంలో ఆఫ్రికన్ అమెరికన్‌కు నెలకొల్పిన తొలి పూర్తి ఆకారపు (తల నుంచి పాదాల దాకా ఉన్న) విగ్రహం అదే.