పట్టిక గీయకముందే తేల్చుకోవాల్సినవి

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. వచ్చే వారం క్లాసులో పౌనఃపున్య విభాజన పట్టికలు (ఏ విలువల మధ్య ఎన్ని అంకెలు పడ్డాయో చూపే పట్టికలు) మొదలుపెడుతున్నానని, "అది తేలికే కదా అత్తా, ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది" అని రాశావు. అది చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పట్టిక నింపడం తేలికే. ఏ పట్టిక నింపాలో తేల్చుకోవడంలోనే ఉంది అసలు పని. ఆ పనంతా మనమే చేసిపెట్టి, తరగతులు, అంటే అంకెలను వేసే గుంపులు, 10–20, 20–30 అని బోర్డు మీద ముందే రాసేసి, ఒక్కో అంకెకు ఒక్కో గీత పెట్టడం మాత్రం పిల్లలకు వదిలేస్తాం. వాళ్లు గీతలు పెడతారు, కూడతారు, మార్కులు కూడా వస్తాయి. తర్వాత ఎవరైనా ముడి దత్తాంశం (గుంపులు చేయని అసలు అంకెలు) ఇచ్చి "నువ్వే తరగతులు చెయ్యి" అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. అందుకని ఒక్క పీరియడ్ సరిపోదు, కనీసం మూడు పెట్టుకో.

మొదటి పీరియడ్‌లో అసలు పట్టిక ఊసే ఎత్తకు. 50 మార్కుల పరీక్షలో 30 మందికి వచ్చిన మార్కులని చెప్పి, ఇలాంటి అంకెలు బోర్డు మీద రాయి:

23, 37, 41, 18, 30, 26, 34, 45, 29, 12
38, 20, 33, 47, 25, 36, 30, 22, 40, 31
15, 28, 35, 43, 27, 39, 32, 10, 24, 36

రాసి, "ఎక్కువమంది ఎక్కడ ఉన్నారు? ఇరవైల్లోనా, ముప్ఫైల్లోనా?" అని అడుగు. కాసేపు వాళ్లను ఇబ్బంది పడనివ్వు. కొందరు ఊహించి చెబుతారు, కొందరు వేళ్లతో లెక్కపెడతారు, లెక్క తప్పి మళ్లీ మొదటికొస్తారు. 30 అంకెలకే ఇంత ఇబ్బంది అయితే 300 ఉంటే ఏం చేస్తామన్న ప్రశ్న వాళ్ల నోట రావాలి. పట్టిక ఎందుకో అప్పుడు మనం చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కనిష్ఠం, గరిష్ఠం వెతకమను. ఇక్కడ 10, 47. వ్యాప్తి, అంటే ఆ రెండింటి తేడా, 37. దీన్ని ఎన్ని ముక్కలు చేయాలన్నది నువ్వు చెప్పొద్దు. క్లాసును మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు తరగతి పొడవు 20, రెండో జట్టుకు 10, మూడో జట్టుకు 5 ఇవ్వు. 20 తీసుకున్న వాళ్లకు 10–30లో 13 మంది, 30–50లో 17 మంది వస్తారు. రెండే వరుసలు కాబట్టి క్లాసు ఎలా ఉందో ఏమీ తెలియదు. 10 తీసుకున్న వాళ్లకు ఇలా వస్తుంది:

10–20: 4
20–30: 9
30–40: 12
40–50: 5

5 తీసుకున్న వాళ్లకు 10–15 నుంచి 45–50 దాకా 8 వరుసలు, వాటిలో 2, 2, 4, 5, 6, 6, 3, 2. మూడు పట్టికలూ పక్కపక్కన రాయించి, ఏది బాగా చెబుతోందో వాళ్లనే వాదించుకోనివ్వు. దత్తాంశం ఒక్కటే, మూడు పట్టికలు మూడు రకాలుగా కనిపిస్తున్నాయి. తరగతి పొడవు ఎవరో ఒకరు ఆలోచించి ఎంచుకునేదని పిల్లలకు అక్కడే తెలుస్తుంది. నాకు అడిగితే ఈ మార్కులకు 5 పొడవే ఇష్టం. జనం మధ్యలోకి ఎలా పెరుగుతూ వచ్చి, చివరికి ఎలా తగ్గిపోయారో అందులో మెల్లగా కనబడుతుంది. 10 పొడవు కూడా తప్పు కాదు, చేత్తో చేసే లెక్కలకు అదే హాయి.

ఎవరైనా తెలివైన పిల్లవాడు "దీనికి సూత్రం లేదా?" అని అడగొచ్చు. ఉంది. 1926లో హెర్బర్ట్ స్టర్జెస్ ఒకటి చెప్పాడు: తరగతుల సంఖ్య సుమారు 1 + 3.322 × లాగ్ ఎన్. ఇక్కడ ఎన్ అంటే మొత్తం రాశుల (దత్తాంశంలోని అంకెల) సంఖ్య, లాగరిథమ్ ఆధారం 10. మన 30కి అది దాదాపు 6 తరగతులు ఇస్తుంది. 37ను 6తో భాగించి పైకి సవరిస్తే పొడవు 7. అంటే 10–17, 17–24, 24–31 అని రాయాలి. 28 ఏ తరగతిలోకి వస్తుందో చెప్పడానికి ఎవరైనా ఒక్క క్షణం ఆగాల్సిందే. కాబట్టి సూత్రం ఎన్ని తరగతులన్న అంచనాకు పనికొస్తుంది. తరగతి పొడవు మాత్రం 5, 10, 20 లాంటి చదవడానికి వీలైన సంఖ్యగా నువ్వే సర్దుకోవాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వస్తున్నాను. ఈ దత్తాంశంలో 20 ఒకటి, 30 రెండు, 40 ఒకటి కావాలనే పెట్టాను. 10–20, 20–30 అని రాసినప్పుడు 20 ఎక్కడికి పోవాలి? ఎగువ అవధిని, అంటే తరగతి పై చివరి అంకెను, ఆ తరగతిలో కలపం, తర్వాతి తరగతిలో వేస్తామన్నది మనం పాటించే నియమం. కాబట్టి 20 మార్కులు 20–30లోకి వెళ్తాయి. ఇది పిల్లలు వింటారు, తల ఊపుతారు, గీతలు పెట్టేటప్పుడు మరిచిపోతారు. ఒక పిల్ల ఆ నాలుగు రాశులనూ కింది తరగతుల్లో వేసిందనుకో. పట్టిక 5, 10, 11, 4 అవుతుంది. కూడి చూడు: 30. మొత్తం సరిపోయింది! ఆ పిల్ల "టోటల్ వచ్చింది టీచర్" అని సంతోషంగా పుస్తకం మూసేస్తుంది. నిజానికి నాలుగు వరుసలూ తప్పే. ప్రతి తరగతికీ దాని మధ్య విలువ తీసుకుని ఈ పట్టికతో సగటు కడితే 29.67 వస్తుంది, సరైన పట్టికతో 31 రావాలి. మధ్యగతం (వరుసలో పేర్చితే నడిమికి వచ్చే విలువ) కూడా 31.67 రావాల్సింది 30 అవుతుంది.

అందుకే మొత్తం సరిచూడమని మాత్రం చెప్పి వదిలేయకు. మొత్తం సరిపోకపోతే తప్పు ఉందని తెలుస్తుంది, సరిపోయినంత మాత్రాన పట్టిక ఒప్పని కాదు. నేను పిల్లల చేత ఒక పని తప్పకుండా చేయించేదాన్ని. గీతలు మొదలుపెట్టకముందే, పట్టిక పైన "ఎగువ అవధి తర్వాతి తరగతికి చెందుతుంది" అని సొంత చేతివ్రాతతో ఒక వాక్యం రాయాలి. దత్తాంశంలో ఎగువ అవధుల మీద పడే రాశులన్నిటి చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాలి. పని పూర్తయ్యాక ఆ సున్నా చుట్టినవి ఒక్కొక్కటీ ఎక్కడ పడ్డాయో మళ్లీ చూడాలి. నాలుగు రాశులే కదా, నిమిషం పట్టదు.

గీతల విషయం. చాలామంది పిల్లలు ముందు 10–20 తరగతి తీసుకుని, దత్తాంశమంతా వెతికి అందులోవి లెక్కపెడతారు. తర్వాత 20–30 కోసం మళ్లీ మొదటి నుంచి వెతుకుతారు. నాలుగు తరగతులకు 30 అంకెలను నాలుగుసార్లు, అంటే 120 సార్లు చూడాలి. ఎనిమిది తరగతులైతే 240. ఇంతసేపు చూస్తే కళ్లు జారిపోవడం ఖాయం. దత్తాంశాన్ని ఒక్కసారే, వరుసగా చదవాలి. 23 చదివి దానిపై చిన్న టిక్కు పెట్టి, 20–30 ఎదురుగా ఒక గీత. 37కి టిక్కు, 30–40 ఎదురుగా గీత. నాలుగు నిలువు గీతలయ్యాక ఐదోదాన్ని అడ్డంగా కొట్టాలి. ఐదోది కూడా నిలువుగా గీసేసి చివర్లో లెక్కపెట్టుకునే పిల్లలుంటారు, వాళ్లను గమనించు. 12 నిలువు గీతలు వరుసగా ఉంటే 11 అనో 13 అనో లెక్కపెట్టడం చాలా మామూలు.

దత్తాంశాన్ని వరుసకు పది చొప్పున రాయడం వెనక కూడా కారణం ఉంది. మొదటి వరుస అయిపోగానే ఆగి, గీతలు కూడాలి: 2, 3, 3, 2, మొత్తం 10. రెండో వరుస తర్వాత 20 రావాలి. తేడా వస్తే ఏ వరుసలో వచ్చిందో అప్పుడే దొరుకుతుంది. చివర్లో 29 వచ్చిందని చూసుకునే పిల్లలు ఏం చేస్తారో నీకూ తెలుసు, పెద్ద తరగతిలో ఒకటి కలిపేస్తారు. ఆ టెన్షన్‌లో అది సహజం కూడా. అది చూసినప్పుడు కోప్పడకు. వరుస వరుసకూ ఆగడం అలవాటు చేస్తే ఆ అవసరమే రాదు.

రెండో పీరియడ్‌లో 10–19, 20–29 లాంటి, రెండు అవధులనూ కలుపుకునే తరగతులకు వెళ్లు. మార్కులు పూర్ణ సంఖ్యలు కాబట్టి ఇవి చక్కగా కుదురుతాయి, 20 ఎక్కడికన్న తగువే ఉండదు. ఇక్కడ రెండు తప్పులు కాచుకుని ఉంటాయి. ఒకటి, తరగతి పొడవు 19 − 10 = 9 అనుకోవడం. 10 నుంచి 19 దాకా వేళ్ల మీద లెక్కపెట్టించు, పది సంఖ్యలు ఉంటాయి. రెండు వరుస తరగతుల దిగువ అవధుల తేడా తీసుకుంటే ఎప్పుడూ తప్పు పోదు. రెండోది, 19కీ 20కీ మధ్య ఉన్న ఖాళీ. సోపాన చిత్రం (ఒకదానికొకటి ఆనుకున్న కమ్మీల పటం) గీయాలంటే ఆ ఖాళీని సగం చేసి 9.5–19.5, 19.5–29.5 అని హద్దులు తీసుకోవాలి. అది యాంత్రికంగా చేయించకు. 19.6 అనే కొలత వస్తే 10–19, 20–29లో దాన్ని ఎక్కడ పెడతారని అడుగు. చోటు లేదని వాళ్లే చూస్తే, హద్దులు ఎందుకు కావాలో అర్థమవుతుంది.

వయసు దగ్గర మాత్రం జాగ్రత్త. ఎత్తు 150 సెంటీమీటర్లు అంటే సుమారు 149.5 నుంచి 150.5 లోపు. కానీ 14 ఏళ్లు అని ఒక అబ్బాయి చెబితే, వాడికి 14 నిండాయి, 15 నిండలేదని అర్థం. వాడికి పద్నాలుగేళ్ల పదకొండు నెలలున్నా 14 అనే అంటాడు. కాబట్టి 10–14 అన్న వయసు తరగతికి హద్దులు 10, 15 తీసుకోవడం సబబు, 9.5, 14.5 కావు. మధ్య విలువ 12 బదులు 12.5 అవుతుంది. సగం తగ్గించు, సగం కలుపు అని మాత్రమే నేర్చుకున్న పిల్లకు ఈ తేడా తట్టదు. అంకె ఎలా పుట్టిందో అడిగే పిల్లకు తడుతుంది. మీ పిల్లలు రెండో రకంగా తయారు కావాలని నా ఆశ.

మూడో పీరియడ్ కోసం ఒక ప్రశ్న దాచుకో: పట్టిక చేయడం వల్ల మనం ఏం పోగొట్టుకున్నాం? ముడి దత్తాంశం మొత్తం కూడితే 906, సగటు 30.2. ఇప్పుడు 10–20, 20–30 పట్టికలో మధ్య విలువలు 15, 25, 35, 45తో కట్టించు. 60 + 225 + 420 + 225 = 930, సగటు 31. తేడా 0.8. ఎవరూ లెక్క తప్పలేదు, మరి తేడా ఎక్కడిది? 10–20 తరగతిలోని నలుగురి అసలు మార్కులు 18, 12, 15, 10. వాళ్ల సగటు 13.75. పట్టిక వాళ్లందరినీ 15 మార్కుల వాళ్లే అనుకుంటోంది. అందులోనూ కొంత తప్పు మనదే. ఆ తరగతిలో నిజంగా పడగలిగిన మార్కులు 10 నుంచి 19 వరకే, వాటి మధ్య 14.5. మధ్య విలువలను 14.5, 24.5 అని తీసుకుంటే సగటు 30.5కి దిగుతుంది. మిగిలిన 0.3 అసలు అంకెలను చెరిపేసి తరగతుల్లో వేసినందుకు చెల్లించినది. పుస్తకాల్లో ఈ లెక్క ఇలా విడగొట్టి చూపించడం తక్కువ. నువ్వు మాత్రం చూపించు, పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు.

చిన్న విషయాలు కొన్ని. మధ్యలో ఏ రాశీ పడని తరగతి వస్తే దాన్ని తీసేయనివ్వకు, ఎదురుగా 0 రాయించు. ఆ ఖాళీ కూడా దత్తాంశం గురించి చెబుతోంది. తరగతుల పొడవులు సమానంగా లేకపోతే సోపాన చిత్రంలో ఎత్తు పౌనఃపున్యం (ఆ తరగతిలో పడ్డ రాశుల సంఖ్య) కాకూడదు, పౌనఃపున్యాన్ని తరగతి పొడవుతో భాగించి తీసుకోవాలి. "50, ఆపైన" అని తెరిచి వదిలేసిన తరగతికి మధ్య విలువ ఉండదు, కాబట్టి సగటు అడగకు. మధ్యగతం చాలావరకు అడగొచ్చు. సంచిత పౌనఃపున్యానికి ప్రత్యేకంగా సమయం కేటాయించక్కర్లేదు. 4, 13, 25, 30 అని కూడుకుంటూ పోయి చివరిది 30 వచ్చిందో లేదో చూసుకుంటే చాలు.

ఇంటిపనికి పుస్తకంలోని లెక్క ఇవ్వకు. ప్రతి పిల్లా తన చేతి పొడవు, మణికట్టు నుంచి నడిమి వేలి చివర దాకా, స్కేలుతో మిల్లీమీటర్ల వరకు కొలిచి రాసుకు రావాలి. క్లాసంతటి కొలతలూ బోర్డు మీద పెట్టి, తరగతులు వాళ్లనే ఎంచుకోమను. ఒకే తరగతి పొడవు తీసుకున్నా, ఒకరు 14 సెంటీమీటర్ల నుంచి మొదలుపెడితే ఇంకొకరు 14.5 నుంచి మొదలుపెడతారు, పట్టికలు వేరుగా వస్తాయి. ఎవరిది ఒప్పు అని నిన్ను అడుగుతారు. అప్పుడు తొందరపడి తీర్పు చెప్పకు, ఎవరికి వారు తమ కారణం రాసి ఇమ్మను. మొదలు ఎందుకక్కడ పెట్టారో, పొడవు ఎందుకంత తీసుకున్నారో రెండు వాక్యాల్లో రాస్తే, పట్టిక కంటే ఆ వాక్యాలకే ఎక్కువ మార్కులు వెయ్యి. వాళ్లు రాసినవి నాకూ రెండు మూడు పంపు, చదవాలని ఉంది.

ప్రేమతో,
అత్త