ఊఁ కొట్టడం రావాలి

ప్రశ్న: జపనీస్ ఎన్4 పరీక్షకి వ్యాకరణమంతా బట్టీ పట్టాను. వీడియో కాల్‌లో టీచర్ చెప్తుంటే నోరు మెదపకుండా శ్రద్ధగా వింటాను. ఆవిడేమో మధ్యలో ఆగి "వినబడుతోందా?" అంటారు. ఒకటే టెన్షన్!
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఆ మౌనమేనమ్మా తప్పు. మన కోనసీమలో అరుగు మీద మామ్మ కథ చెప్తుంటే ఊఁ కొట్టకపోతే "నిద్రపోయావా?" అని ఆపేసేది కదా! జపనీస్‌లో ఆ ఊఁ పేరు 'అయిజుచి'. కొలిమి దగ్గర ఇద్దరు కమ్మర్లు వంతులేసుకుని వేసే సమ్మెట దెబ్బల నుంచి వచ్చిన మాట. వాళ్లూ దాన్ని 'కొట్టడం' అనే అంటారు.

ప్రతి మాటా ఒకరికి జవాబే, మళ్లీ జవాబు కోసం ఎదురుచూసేదే అన్నాడు రష్యన్ ఆలోచనాపరుడు మిఖాయిల్ బఖ్తిన్ (1895–1975). "సముయి దెస్ నే" అన్నప్పుడు చివరి 'నే' చూడండి. "చలిగా ఉంది కదూ"లో మన 'కదూ' లాంటిదే. మీ పుస్తకంలో దానికి బదులిచ్చేవాళ్లెవరు?

టీచర్ కాస్త ఆగినప్పుడల్లా "హాయ్" అనండి. ఇంగ్లీష్ పలకరింపు కాదు, జపనీస్‌లో 'అవునండీ' లాంటి మాట. చనువుగా అనే 'ఉన్' స్నేహితుల దగ్గరే. అన్నట్టు, ఆ "హాయ్" ఒప్పుకోవడం కాదు, వింటున్నానని చెప్పడం. జపాన్‌లో పనిచేసే రోజుల్లో నేను సెలవు అడిగితే మేనేజర్ "హాయ్, హాయ్" అన్నాడు. ఇచ్చేశాడనుకుని ఇంటికి టికెట్ కొనేశాను.