కులం అడిగి కల్యాణ మండపం లేదన్నారు, కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది పుత్తూరు, ఎస్సీలం. మా చెల్లెలి పెళ్లికి తిరుపతిలో ఒక ప్రైవేటు కల్యాణ మండపం మాట్లాడుకోవడానికి వెళ్లాం. మేనేజరు డైరీ చూసి తేదీ ఖాళీగా ఉందన్నాడు, అద్దె కూడా చెప్పాడు. అడ్వాన్సు ఇవ్వబోతుంటే ఇంటిపేరు, కులం అడిగాడు. చెప్పగానే లోపలికి వెళ్లొచ్చి, "ఆ డేటు ఓనరుగారి చుట్టాలకు ఇచ్చేశారంట" అన్నాడు. సాయంత్రం మా ఫ్రెండు ఫోన్ చేస్తే అదే తేదీ ఉందన్నారు. రికార్డింగ్ ఉంది. ప్రైవేటు మండపం, వాళ్లిష్టం అంటున్నారు మా పెద్దవాళ్లు. నిజమేనా సార్?

జవాబు: నిజం కాదు. మండపం ఆయన సొంత ఆస్తే కావచ్చు. కానీ బోర్డు పెట్టి, అడిగినవాళ్లకల్లా అద్దెకిచ్చే వ్యాపారం మొదలుపెట్టాక కులం చూసి కాదనే హక్కు ఓనరుకు లేదు. కొట్లు, హోటళ్ల లాంటి చోట్ల కులం పేరుతో అడ్డుకోకూడదనే రాజ్యాంగంలోని 15(2) అధికరణ సరుకులమ్మే కొట్లకే కాదు, డబ్బు తీసుకుని సేవ చేసే చోట్లకూ వర్తిస్తుందని 1948లోనే రాజ్యాంగ సభలో అంబేడ్కర్ వివరించారు.

శిక్ష వేసే చట్టాలు రెండున్నాయి. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం, అందరికీ ఇచ్చే సేవను అంటరానితనం కారణంగా నిరాకరిస్తే నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. మీకు అసలు బలం ఇదే చట్టంలోని 12వ సెక్షన్. మామూలు క్రిమినల్ కేసులో ప్రతిదీ ఫిర్యాదు వైపు నుంచే రుజువు కావాలి. ఇక్కడ ఎస్సీ అయిన మీకు మండపం నిరాకరించారని తేలితే, కారణం అంటరానితనమేనని కోర్టు అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది వాళ్లే. ఆ చుట్టాలెవరు, ఎప్పుడు బుక్ చేశారు, రసీదు ఏది? మీ ఫ్రెండుకు అదే తేదీ ఉందని చెప్పాక వీటికి జవాబివ్వడం చాలా కష్టం.

రెండోది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. దుకాణాల్లోకి, బహిరంగ స్థలాల్లోకి రాకుండా అడ్డుకోవడం 3(1)(జెడ్‌ఏ) కింద నేరం, ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకూడదు. మండపం ఈ సెక్షన్ కిందికి రాదని అవతలి లాయరు వాదించొచ్చు. అందుకే ఫిర్యాదులో రెండు చట్టాలూ రాయండి.

రికార్డింగ్‌ను కట్ చేయకండి, ఎడిట్ చేయకండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీని నమ్ముకోకుండా, రికార్డయిన ఫోన్‌నే భద్రంగా ఉంచమని మీ ఫ్రెండుకు చెప్పండి. కోర్టులో దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి తోడుగా ఇవ్వాల్సిన భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, దాన్ని మీ లాయరు తయారు చేయిస్తారు. మీ ఫ్రెండు సాక్షిగా రావాలి, ముందే అడిగి ఒప్పించండి. మేనేజరు డైరీలో మీ పేరు రాసుకున్నాడా? రాసి కొట్టేసినా సరే, ఆ పేజీ మీకు పెద్ద సాక్ష్యం. డైరీని, కౌంటరు దగ్గరి సీసీ కెమెరా ఫుటేజీని స్వాధీనం చేసుకోమని ఫిర్యాదులోనే రాయండి.

ఫిర్యాదు తిరుపతిలో ఆ ఏరియా స్టేషన్‌లో ఇవ్వొచ్చు. పుత్తూరులో ఇచ్చినా జీరో ఎఫ్‌ఐఆర్ (తమ పరిధి కాకపోయినా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) కట్టి అక్కడికి పంపాలి. "ముందు ఎంక్వైరీ చేసి చూస్తాం" అంటే, అత్యాచారాల నిరోధక చట్టంలోని 18ఏ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు విచారణ అక్కర్లేదని చెప్పండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, అదీ కాకపోతే కోర్టుకు వెళ్లొచ్చు. కుల ధ్రువీకరణ పత్రం జత చేయండి. ఎస్సీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. సాయానికి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల జాతీయ హెల్ప్‌లైన్ 14566 నంబరుంది.

"మండపం ఇప్పిస్తాం, కేసు వద్దు" అని మధ్యవర్తులు రావచ్చు. పెళ్లి పనుల టెన్షన్‌లో తెల్లకాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. సీసీ ఫుటేజీ కొద్దిరోజుల్లోనే చెరిగిపోతుంది కాబట్టి ఫిర్యాదు ఈ వారమే ఇవ్వండి.