మా మధ్య తేడా డబ్బు కాదు, తీరిక

"కాలేజీలో డబ్బున్నవాళ్ళ అబ్బాయి, లేనివాళ్ళ అమ్మాయి ప్రేమించుకుంటే ఆ ప్రేమ డబ్బు వల్లే చెడుతుందా?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్నకు కులమనీ, ఆస్తి అనీ, పెద్దల పంతమనీ చెప్పడం అందరికీ అలవాటు. నా అనుభవంలో మాత్రం అవన్నీ రంగంలోకి దిగేసరికే జరగవలసింది జరిగిపోయి ఉంటుంది. ఇద్దరిలో ఒకరికి సాయంత్రం ఉంటుంది, రెండోవారికి బండి వేళ మాత్రమే ఉంటుంది. చెడగొట్టేది అదే. ఇందులో నాకు సందేహం లేదు.

నేను 1994లో కొవ్వూరు నుంచి రాజమండ్రికి రైల్లో వెళ్ళి వస్తూ బి.ఎస్సీ. చదవడం మొదలుపెట్టాను. నాన్న దర్జీ. మిషను కుట్టు ఆయనది. జాకెట్లకు హుక్కులు, కాజాలు, అంచుల చేతికుట్టు నావి. సాయంత్రం ఐదున్నర ప్యాసింజరు అందుకుంటే దీపాలు పెట్టే వేళకు సూది పట్టుకోవచ్చు, మర్నాడు జాకెట్లు ఇవ్వవచ్చు, ఆ డబ్బుతో నెలాఖరున సీజన్ టికెట్టు మళ్ళీ తీసుకోవచ్చు. అతను రాజమండ్రి దానవాయిపేటలో ఒక డాక్టరుగారి అబ్బాయి, ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు, స్కూటరు ఉన్నవాడు. హాజరు పట్టీలో మా పేర్లు పక్కపక్కన ఉండడం వల్ల ఫిజిక్సు ల్యాబులో ఇద్దరికీ కలిపి ఒకే స్పెక్ట్రోమీటరు ఇచ్చారు. అతను మొదటి వారంలోనే నన్ను 'నువ్వు' అన్నాడు, నాకు 'మీరు' వదలడానికి ఏడాది పట్టింది.

అతని రికార్డులో బొమ్మలన్నీ నేనే వేశాను. దీన్ని ప్రేమగా చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఆ రోజుల్లో మా తరగతిలో సగం మంది మగపిల్లల రికార్డులు ఆడపిల్లల చేతుల మీదుగానే పూర్తయ్యాయి. పాతికేళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్నాను, ఇప్పటికీ ఒక పిల్లవాడి పుస్తకంలో ఒక పిల్ల చేతిరాత కనిపిస్తే ఇద్దరినీ నిలబెట్టి అడుగుతాను.

ఇక ఆ రోజు సంగతి. 1996 శ్రావణం, వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు. పండగ కుట్టు గనక ఇంట్లో పదకొండు జాకెట్లు నా కోసం కాచుకుని ఉన్నాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చింది, పుష్కరాల రేవులో మెట్లు చాలావరకు మునిగాయి, ఒక్కసారి చూసి వెళ్దామని అతను అన్నాడు. కొవ్వూరులో పుట్టిన పిల్లకు గోదావరి వరదను చూపించడం ఏమిటని నవ్వాను, నవ్వుతూనే వెళ్ళాను. రేవులో జనం గొడుగులు పట్టుకుని నిలబడి, కొట్టుకొచ్చే దుంగలనూ గుర్రపుడెక్క తుప్పలనూ చూస్తున్నారు. అతను ఒక్కొక్క మెట్టునూ చూపించి, నిన్న నీళ్ళు ఇక్కడిదాకా, మొన్న అక్కడిదాకా అని చెబుతున్నాడు. ఆ వారమంతా సాయంత్రాలు అక్కడికి వచ్చి కూర్చున్నాడన్న మాట. నాకు ఆ మాట మీదే మనసు ఆగిపోయింది: వారం రోజులు సాయంత్రం పూట నీళ్ళు ఎంత ఎక్కాయో చూస్తూ కూర్చోగలిగిన మనిషి! అసూయో, ముచ్చటో ఇప్పటికీ తెలియదు. నేను వేళ అడిగేసరికి ఐదూ నలభై అయింది.

"పోనీలే, ఇంకో బండికి వెళ్ళు" అన్నాడు. ఆ మాటలో చెడు ఏమీ లేదు. అతని లోకంలో ఒక బండి తరువాత ఇంకో బండి ఎప్పుడూ ఉంటుంది. స్కూటరు మీద వంతెన దాటించి దింపుతానన్నాడు. 1974లో కట్టిన రోడ్డు-రైలు వంతెన మీదుగా మా ఊరు ఎంతో దూరం కాదు. కానీ దర్జీగారి అమ్మాయి పరాయి అబ్బాయి స్కూటరు దిగితే, ఆ కబురు నాకంటే ముందే మా అరుగు ఎక్కి కూర్చుంటుంది. బస్సుకు వెళ్తానన్నాను. సీజన్ టికెట్టుతో తిరిగే మనిషిని, నా దగ్గర చిల్లి కాణీ లేదు. నోరు తెరిచి మూడు రూపాయలు అడిగాను. అతని జేబులో వంద నోటు ఉంది, అదే ఇచ్చాడు.

కండక్టరు ఆ నోటును చూసి, "మూడు రూపాయలకు వందిస్తే ఎలాగమ్మా?" అని అందరికీ వినిపించేలా విసుక్కుని, టికెట్టు వెనక తొంభై ఏడు అని రాసిచ్చాడు. టికెట్టు వెనక బాకీ రాసే ఆ పద్ధతిని ఎవరు కనిపెట్టారో గానీ, మతిమరుపు మీద సాగే వ్యాపారం అది. వానకు కిటికీ రేకులన్నీ దించేసిన ఆ బస్సులో వంతెన పొడవునా నేను గోదావరిని చూడలేదు, ఆ అంకెనే చూసుకున్నాను. కొవ్వూరులో అందరూ దిగిపోయినా నేను మెట్టు పట్టుకుని నిలబడ్డాను. చివరికి కండక్టరు ఒక అరటిపళ్ళ బండివాడి దగ్గర నోటు మార్చి ఇచ్చేసరికి బాగా చీకటి పడింది.

ఇంట్లో కరెంటు లేదు. నాన్న కిరసనాయిలు దీపం పక్కన కూర్చుని నా వంతు హుక్కులు తానే కుడుతున్నాడు. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. "అమ్మాయ్, కాస్త దారం ఎక్కించి పెట్టవే, కళ్ళకు ఆనడం లేదు" అన్నాడు, అంతే.

మర్నాడు తొంభై ఏడు రూపాయలూ, ఇంకో మూడు రూపాయలూ కాగితంలో చుట్టి అతనికి ఇచ్చాను. విప్పి చూసి, "మన మధ్య ఇంత చిల్లర లెక్కలు ఎందుకు?" అన్నాడు. అతను ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం ఆ 'చిల్లర' అన్న మాట రెండో అర్థంలో వినిపించింది. వారం రోజులు మాట్లాడలేదు.

అతను మంచివాడు కాకపోయి ఉంటే ఈ సమాధానం రాయవలసిన అవసరమే ఉండేది కాదు. వారం తిరిగేసరికి రాజమండ్రి నుంచి కొవ్వూరుకు నెల రోజుల సీజన్ టికెట్టు తీసుకుని ఐదున్నర బండిలో నా ఎదుట కూర్చున్నాడు. నన్ను కొవ్వూరులో దింపి, దొరికిన బండి పట్టుకుని వెనక్కు వెళ్ళేవాడు. నేను జాకెట్లు సంచిలో తెచ్చుకుని రైల్లోనే కుట్టడం మొదలుపెట్టాను, అతను నేర్పమన్నాడు. గోదావరి స్టేషను దాటి బండి వంతెన ఎక్కి దిగేలోగా ఒక హుక్కు పూర్తి చేసేవాడు. అది నోరు తిరగబడి ఉండేది. అతని ముందు బాగుందని చెప్పి, ఇంటికి వెళ్ళాక ఊడదీసి మళ్ళీ కుట్టేదాన్ని. అతని సాయం వల్ల నాకు రోజుకు పావుగంట పని ఎక్కువైంది. నా జీవితంలో అంత సంతోషంగా చేసిన పని మరొకటి లేదు.

నెల పూర్తయిన రోజు, "మళ్ళీ తీసుకోనా?" అని అడిగాడు. ఆ ప్రయాణం అతనికి విహారమనీ, అడిగి మానుకోగలిగినదనీ నాకు అప్పుడు స్పష్టంగా తెలిసింది. నా టికెట్టు గురించి నన్ను ఎవరూ అలా అడగరు. "నీ ఇష్టం" అన్నాను. అతను దాన్ని వద్దన్నట్టుగా తీసుకున్నాడు. నిజంగా వద్దనే అన్నానో, అలిగి అన్నానో చెప్పలేను.

1997లో పరీక్షలయ్యాక అతను హైదరాబాదు వెళ్ళాడు. గోదావరి మీద 1900 నుంచి రైలుబళ్ళు నడిచిన పాత హేవలాక్ వంతెన మీద రాకపోకలు ఆపేసింది కూడా ఆ ఏడాదే. దానికీ మాకూ ముడిపెట్టే కవిత్వం నాకు నచ్చదు. వంతెన పాతబడింది, పక్కన కొత్తది వచ్చింది.

రెండేళ్ళ తరువాత ఒక ఉత్తరం వచ్చింది. ఉద్యోగంలో చేరాడట. పొద్దున్న ఆరూ పదికి ఆఫీసు బస్సు, ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆగదట. "ఆ రోజు రేవులో నువ్వు వేళ ఎందుకు అడిగావో ఇప్పుడు తెలిసింది" అని రాశాడు. జవాబు రాద్దామని ఇన్‌లాండు లెటరు కొన్నాను. అప్పుడు పెళ్ళిళ్ళ కాలం, ఇంట్లో నలభై జాకెట్లు ఉన్నాయి.