స్పోర్ట్స్ కారు ఇంజిన్ నుంచి ఆయిల్ కారుతోంది. సీలు మార్చినా ఆగలేదు. అసలు చోటు కనిపెట్టడం ఎలా?

చుక్క పడిన చోటుకు సరిగ్గా పైన వెతకడం వల్లే ఈ తిప్పలు. ఆయిల్ కిందికి జారుతుంది, పరుగులో గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. పైగా చాలా స్పోర్ట్స్ కార్లకు అడుగున పలక ఉంటుంది. ఆయిల్ దాని మీద చేరి ఎక్కడో అంచు నుంచి బొట్లుగా రాలుతుంది. ముందు ఆ పలక విప్పండి.

చల్లారిన ఇంజిన్‌ను జిడ్డు వదిలించే ద్రావకంతో శుభ్రం చేసి, ఆరాక కొంతదూరం నడిపి, టార్చి వేసి చూడండి. తడిసిన భాగాల్లో అన్నిటికన్నా పైన, ముందువైపు ఉన్నదాన్నే మొదట అనుమానించాలి. అంతుపట్టకపోతే ఆయిల్‌లో ఫ్లోరసెంట్ రంగు కలపండి. అతినీలలోహిత దీపం కింద లీకు దారి మెరుస్తుంది.

తరచుగా దొరికే దొంగ వాల్వ్ కవర్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పైమూత కింద ఉండే రబ్బరు పట్టీ. వేడికి గట్టిపడి, వంచితే పుటుక్కున విరుగుతుంది. బోల్టులు ఇంకా బిగిస్తే కవరే వంగుతుంది. కొత్తది వేసి, తయారీదారు చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. ఆయిల్ ఫిల్టర్ ఈమధ్యే మార్చి ఉంటే, పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయిందేమో చూడండి.

సీళ్లు మార్చినా మళ్లీ కారుతుంటే పీసీవీ వాల్వును (ఇంజిన్ లోపల చేరే వాయువులను తీసేసే కవాటాన్ని) పరీక్షించండి. అది మూసుకుపోతే క్రాంక్‌కేసులో, అంటే ఇంజిన్ కింది గదిలో, ఒత్తిడి పెరిగి కొత్త సీళ్ల గుండా కూడా ఆయిల్‌ను తోసేస్తుంది. క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) వెనుక సీలు మార్చాలంటే సాధారణంగా గేర్‌బాక్సు దించాలి, అందుకే దాన్ని చివరికి ఉంచండి.

ఆయిల్ ఎగ్జాస్టు గొట్టం మీద పడుతుంటే మాత్రం కారు నడపకండి, మంటలు రేగవచ్చు.