కిరీటం నీడ కళ్ళ మీద ఎందుకు?

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. పద్యనాటకాలకు లైటింగ్ చేయడమే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. మొన్న మా నాటకంలో కృష్ణుడి ముఖం నల్లబడింది, కళ్ళు కనిపించలేదు. కారణమేమిటి? ఈ పని ఎక్కడ నేర్చుకోవాలి?
- ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: లైట్లు నటుడి నెత్తిమీదే ఉండి ఉంటాయి. ముందునుంచి, కుడి ఎడమల చెరొకటి, సుమారు 45 డిగ్రీల ఎత్తులో కట్టండి. కిరీటం ఉన్న పాత్రకు 35కి దించితే కళ్ళు తేటగా కనిపిస్తాయి. ఇక నలుపు సంగతి: నీలం మేకప్ మీద అంబర్ (పసుపు-నారింజ రంగు) ఫిల్టర్ వేస్తే ముఖం మసిబారుతుంది, ఆ వెలుగులో నీలం దాదాపు ఉండదు గనక. ఒకవైపు లేత నీలం, రెండోవైపు తెలుపు వాడండి. మేకప్‌తోనే రిహార్సల్ చూడాలి.

వెయ్యి వాట్ల పార్ లైటు (డబ్బాలాంటి స్టేజీ లైటు) 230 వోల్టుల దగ్గర 4.3 ఆంపియర్లు లాగుతుంది. 15 ఆంపియర్ల సాకెట్‌కు మూడే. నాలుగోది పెడితే ఫ్యూజు పోవచ్చు, వైరు వేడెక్కవచ్చు. డీఎంఎక్స్‌కు, అంటే కంట్రోలు బోర్డు నుంచి లైట్లకు ఆదేశాలు పంపే లైనుకు, మైకు కేబుల్ వాడితే లైట్లు వాటంతటవే మిణుకుమనవచ్చు. సరైన కేబుల్ వేసి, చివరి లైటుకు 120 ఓమ్‌ల టెర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే రెసిస్టర్ ప్లగ్గు) పెట్టండి.

చదువుకు ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ళ కోర్సుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ రంగస్థల విభాగముంది. ముందైతే మీ ఊరి మహతి ఆడిటోరియంలో ప్రదర్శనలకు వచ్చే లైటింగ్ బృందాల వెంట సహాయకుడిగా తిరగండి. నాటకాలతోనే బతుకు గడవదు. అరంగేట్రాలూ కాలేజీ వార్షికోత్సవాలూ చేయాలి. పాశ్చాత్య ఒపెరాలో సంగీతం స్వరలిపి చూసి లైటు మారుస్తారు. లైటు ఎక్కడ మార్చాలో తెలియాలంటే మీరు పద్యం కంఠస్థం చేయండి. రాగం తీస్తుండగా లైటు తగ్గించడం నటుడికి అన్యాయం.