పాత గనిలో చెత్త పోస్తారట!

ప్రశ్న: మాది తిరుపతి, అత్తగారి ఊరు ఎర్రగుంట్ల దగ్గర. అక్కడ ఎప్పుడో ఆపేసిన నాపరాళ్ల గనిని ఊరి చెత్తతో పూడ్చేద్దామంటున్నారు. దానికీ చరిత్ర ఉంది, ఉంచండి అంటే 'అదేమన్నా శిలాతోరణమా' అని మా ఆయన నవ్వుతున్నాడు. గుంతకు వారసత్వం ఉంటుందా అండీ?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉంటుందమ్మా. తిరుమల శిలాతోరణం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, గాలీ నీళ్లూ మలిచింది. మీ గనిది సున్నపురాయి, మనుషులు చెమటోడ్చి చెక్కింది, కాబట్టి ఆ పోలికే కుదరదు. మీ ఆయన్ని ఓ ఆదివారం చంద్రగిరి తీసుకెళ్లండి. రాజమహల్‌ని కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నూరితేగానీ అలాంటి కట్టుబడి సున్నం తయారయ్యేది కాదు. అది మీ గని రాయేనని అనట్లేదు లెండి.

ఇంగ్లండ్‌లో డడ్లీ దగ్గర రెన్స్ నెస్ట్ అని ఉంది, ఇనుప కొలుములకు సున్నపురాయి తవ్వి తవ్వి వదిలేసిన గుట్ట. అక్కడ దొరికిన ట్రైలోబైట్ అనే పురాతన పెంకు సముద్రజీవుల శిలాజాల వల్ల 1956లో దాన్ని జాతీయ రక్షిత ప్రాంతం చేశారు. మీ దగ్గర అలాంటివి వెతక్కండి, ఎర్రగుంట్ల రాయి పెంకు జీవులు పుట్టకముందే పేరుకున్నది. కెనడాలో బుచార్ట్ దంపతుల సిమెంట్ ఫ్యాక్టరీ గని పెద్ద పూలతోట అయింది, కానీ మన కడప ఎండల్లో తోటకు నీళ్లెవరు పోస్తారు?

మీరు చూడాల్సింది గని గోడని. పొరల మధ్య ఉలి దించిన గాట్లు, పలక ఊడొచ్చిన చోట నున్నటి ముఖం, పనికిరాదని పక్కన పోసిన ముక్కల గుట్ట, పాత బట్టీ ఉంటే అదీ ఫొటోలు తీయండి. ఏ పొర పలకగా లేస్తుందో, ఏది పగిలిపోతుందో సమ్మెట దెబ్బ చప్పుడుని బట్టి చెప్పగలిగిన పెద్దవాళ్లు ఊళ్లో ఇంకా ఉంటే ముందు వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి, గోడ ఎక్కడికీ పోదు.

పంచాయతీలో చరిత్ర అంటే వినకపోవచ్చు, బావుల సంగతి ఎత్తండి. సున్నపురాయిలో పగుళ్లెక్కువ, చెత్త నుంచి కారిన మురికి వాటిగుండా భూగర్భ జలాల్లోకి దిగిపోతుంది. గని లీజు ఎవరి పేరున ఉందో గనుల శాఖ ఆఫీసులో కనుక్కోండి. గుంతలో నీళ్లుంటే మాత్రం పిల్లలు ఈతకు దిగకుండా ముందు చుట్టూ కంచె వేయించండి, మిగతావన్నీ ఆ తర్వాతే.